తేలికైన రైఫిల్, గట్టి తన్ను

హిమాలయాల తహర్ మేకకు దగ్గరి జాతి. మన దేశంలో దాన్ని వేటాడటం నేరం. 1904లో కొన్ని తహర్‌లను న్యూజిలాండ్‌కు తీసుకెళ్లి మౌంట్ కుక్ దగ్గర వదిలారు. అక్కడ వాటిని తినే మృగాలు లేవు. మందలు పెరిగి, ఆ కొండల్లో తప్ప ఇంకెక్కడా దొరకని మొక్కల్ని మేసేయసాగాయి. వాటి సంఖ్య 10,000 దాటకూడదని 1993లో ప్రభుత్వం ప్రణాళిక వేసుకుంది. అక్కడి సదరన్ ఆల్ప్స్ పర్వతాల్లో లైసెన్సున్న వేటగాళ్లు చేసే వేట కూడా ఈ కట్టడిలో భాగమే.

ఆ కొండలెక్కేవాళ్లు ముందు రైఫిల్ బరువు తగ్గించాలని చూస్తారు. స్కోప్‌తో (గురి చూసే దుర్భిణితో) కలిపి 4.5 కిలోలుండే రైఫిల్‌ను 3 కిలోలకు దించారనుకుందాం. వెయ్యి మీటర్లు ఎక్కడానికి మిగిలే శక్తి ఇరవై కిలోక్యాలరీలు కూడా ఉండదు. పిడికెడు పల్లీల్లో అంతకు ఎన్నో రెట్లుంటుంది. రాళ్లు జారే వాలులో భుజం మీద బరువు తగ్గితే తూలకుండా నడవొచ్చు, ఆ లాభం నిజమే. అయితే ట్రిగ్గర్ నొక్కినప్పుడు దానికి మూల్యం చెల్లించాలి.

.308 రైఫిల్ (ఆ అంకె అంగుళాల్లో తూటా వ్యాసం) నుంచి 10 గ్రాముల లోపు తూటా సెకనుకు సుమారు 860 మీటర్ల వేగంతో వెళ్తుంది. దాని వెంట తుపాకి మందు కాలి పుట్టిన వాయువులు ఇంకా వేగంగా దూసుకొస్తాయి. ఆ రెండింటి ద్రవ్యవేగం ఎంతో, అంతే ద్రవ్యవేగంతో రైఫిల్ వెనక్కి వస్తుంది. రైఫిల్ బరువు మూడో వంతు తగ్గితే భుజానికి తగిలే శక్తి సగం పెరుగుతుంది: సుమారు 15 జౌళ్ల నుంచి 23కు. ఆ తన్నుకు భయపడి మనిషి ముందే బిగుసుకుపోతాడు, గురి తప్పుతుంది. పైగా ఎక్కి వచ్చిన ఆయాసంలో, గుండె దడదడలాడుతుంటే తేలికైన గొట్టం ఇట్టే కదిలిపోతుంది. గాయపడ్డ జంతువు మనిషి వెళ్లలేని కొండ అంచుకు చేరి నరకయాతన పడుతుంది. నాకు అన్నిటికన్నా ముఖ్యం అది జరగకుండా చూడటమే. అందుకే అన్నీ కలిపి మూడున్నర కిలోల దగ్గర ఆగడం మంచిదంటాను.

బరువు ఎక్కడ తగ్గించాలి? బ్యారెల్‌ను, అంటే గొట్టాన్ని, మరీ సన్నం చేయకూడదు. వ్యాసం 20 మిల్లీమీటర్ల నుంచి 16కు తగ్గితే బరువు 40 శాతం తగ్గుతుంది గానీ, వంగకుండా నిలిచే బిగువు 60 శాతం పోతుంది. వేడి కూడా త్వరగా ఎక్కుతుంది. దానికన్నా పొడవు తగ్గించడం మేలు. 60 సెంటీమీటర్ల బ్యారెల్‌ను 50 చేస్తే తూటా వేగం కొద్దిగా తగ్గుతుంది, కానీ బ్యారెల్ ఇంకా బిగువుగా ఉంటుంది. భుజానికి ఆనించే స్టాక్ కార్బన్ ఫైబర్‌దైతే మంచిది.

స్కోప్ విషయంలో ఆశ తగ్గించుకోవాలి. ముందు అద్దం వ్యాసాన్ని ఎన్ని రెట్లు పెద్దగా చూపిస్తుందో ఆ సంఖ్యతో భాగిస్తే, కంటికి చేరే కాంతి వలయం వెడల్పు వస్తుంది. 36 మిల్లీమీటర్ల అద్దం, 6 రెట్లు అయితే 6 మిల్లీమీటర్లు. తెల్లవారుజామున కూడా చాలామంది కంటిపాప అంతకన్నా పెద్దగా విచ్చుకోదు. 56 మిల్లీమీటర్ల అద్దం మోయడం దండగ. కంటికీ స్కోప్‌కూ మధ్య 9 సెంటీమీటర్లైనా ఖాళీ ఉండాలి, లేకపోతే తన్నుకు కనుబొమ్మ చిట్లుతుంది.

వాలు లెక్క ఇంకొకటుంది. 40 డిగ్రీల వాలులో 300 మీటర్ల దూరాన జంతువు ఉంటే, తూటా ఎంత కిందికి దిగుతుందో చూసుకోవాల్సింది సుమారు 230 మీటర్ల అడ్డదూరానికే. 300కి గురిపెడితే పైకి కాల్చినా కిందికి కాల్చినా తూటా ఎత్తుగానే పోతుంది. దూరంతో పాటు వాలునూ కొలిచే రేంజ్‌ఫైండర్లు ఈ లెక్క వేసి చూపిస్తాయి. పెద్ద స్కోప్ మానేసి మిగిలిన బరువులో అలాంటిదొకటి సంచిలో వేసుకోవచ్చు.