ప్రత్యర్థి బరువు ఏ కాలి మీద ఉంది?

జూడోలో కాలితో పడగొట్టే పట్టు చూసినవాళ్ళు కాలి దెబ్బనే గుర్తుపెట్టుకుంటారు. ఆ కాలు లేవకముందే సగానికి పైగా పని చేతులు కానిచ్చేస్తాయి. 1882లో టోక్యోలో కొడోకాన్ అనే జూడో శిక్షణశాలను స్థాపించిన జిగోరో కానో పద్ధతిలో ముందు ప్రత్యర్థి నిలకడ చెడగొట్టాలి, తర్వాత తను సరైన చోట కుదురుకోవాలి, అప్పుడే విసరాలి. ఇక్కడ చూసుకోవాల్సిందల్లా ప్రత్యర్థి బరువు ఏ కాలి మీద, ఎంత ఉందన్నదే.

దెయాషి బరాయ్‌నే తీసుకుందాం. ప్రత్యర్థి అడుగేస్తుంటే, ఆ పాదం మీదికి బరువు పూర్తిగా దిగకముందే మన అరికాలితో దాన్ని పక్కకు ఊడ్చేస్తాం. పాదం మీద బరువు ఎంత పడితే ఘర్షణ అంత పెరుగుతుంది. 70 కిలోల మనిషి మొత్తం బరువు ఒక్క పాదం మీదే ఉందనుకోండి, ఘర్షణ గుణకం 0.5 అనుకోండి. ఆ పాదాన్ని జరపాలంటే 35 కిలోల మూటను ఎత్తేంత బలం కావాలి. దాని మీద ఇంకా 7 కిలోలే పడి ఉంటే మూడున్నర కిలోల బలం చాలు. తడి బాత్రూమ్‌లో కాలు జారినప్పుడు జరిగేదీ ఇదే: పాదం పక్కకు పోతుంది, ఒళ్ళు మాత్రం పాదం అక్కడే ఉందనుకుని బరువు దించేస్తుంది. రెప్పపాటు ఆలస్యమైతే ప్రత్యర్థి కదలడు, మన కాలివేళ్ళు వాస్తాయి.

‘ఒసోతో గారి’ అనే ఇంకో పట్టుకు కావాల్సింది సరిగ్గా దీనికి వ్యతిరేకం. బరువంతా ఆ కాలి మీదే ఉండాలి. ప్రత్యర్థి కుడికాలి పక్కకు అడుగేసి, స్లీవ్‌ను మన నడుము వైపు లాగుతూ, కాలర్ పట్టుకున్న చేత్తో ఛాతీని వెనక్కి తోస్తాం. బరువు కుడి మడమ మీదికి వెళ్తుంది. రెండు పాదాల మధ్య విశాలంగా ఉన్న ఆధారం కాస్తా అరచేయంతకు కుదించుకుపోతుంది. అప్పుడు మన కాలు వెనక నుంచి వచ్చి ఆ కాలిని ముందుకు లాగేస్తుంది. ఛాతీ ఒకవైపు, కాలు ఇంకోవైపు. బొడ్డుకు కాస్త కిందుండే గరిమనాభి చుట్టూ మనిషి తిరిగిపోతాడు. ఈ రెండు బలాల మధ్య దూరం ఎక్కువ కాబట్టి ఏదీ భారీగా ఉండనక్కర్లేదు.

చిక్కేమిటంటే, విసిరేవారు కూడా ఆ క్షణంలో ఒంటికాలి మీదే ఉంటారు. ప్రత్యర్థి బరువు వెనక్కి వెళ్ళకపోతే అదే పట్టు మనకే తిరగబడుతుంది. 1984 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్ సెమీఫైనల్లో, పిక్క గాయంతో ఆడుతున్న జపాన్ ఆటగాడు యసుహిరో యమషితాను ఫ్రాన్స్ ఆటగాడు దెల్ కొలంబో ‘ఒసోతో గారి’ పట్టుతోనే పడేశాడు. కాసేపటికి యమషితా అదే పట్టుతో బదులు తీర్చుకున్నాడు.

ఇందులో మనిషి వెల్లకిలా పడతాడు కాబట్టి తల వెనకభాగం నేలకు కొట్టుకునే ప్రమాదం ఉంది. జపాన్ స్కూళ్ళలో జూడో వల్ల అయిన తల గాయాల్లో ఈ పట్టు పేరు తరచూ వినిపిస్తుంది. అందుకే పడటం బాగా వచ్చాకే పడగొట్టడం నేర్పాలి. పడేవారు గడ్డం ఛాతీకి ఆనించి, చూపు బెల్టు ముడి మీద ఉంచి, చేత్తో మ్యాట్‌ను గట్టిగా చరచాలి. విసిరేవారు స్లీవ్ వదలకుండా పైకి లాగి పట్టుకోవాలి.