చాలులో పడుకున్న టార్చి సెల్లు

2017లో గుంటూరులో ఒక రోగికి 'బాహుబలి' చూపిస్తూ మెదడు ఆపరేషన్ చేశారని వార్త వచ్చింది. అప్పటి నుంచి నన్ను అందరూ అడిగేది ఒకటే: "నొప్పి పుట్టదా?" పుట్టదు. మెదడులో నొప్పిని పట్టే నరాల కొనలు లేవు. నెత్తి చర్మానికీ, మెదడును కప్పిన పొరకీ మత్తు ఇస్తే సరిపోతుంది. సినిమా రోగి టెన్షన్ పడకుండా ఉండటానికి. నాకు ఆసక్తి వేరే చోట ఉంది. పుర్రె తెరిస్తే కనిపించేవన్నీ ఒకేలాంటి మడతలు. చేతిని కదిలించేది ఏదో, చేతి స్పర్శ తెలిసేది ఏదో డాక్టరు ఎలా పట్టుకుంటాడు?

దున్నిన చేలో బోదెల్లా రెండు మడతలు, మధ్యలో నడిమి చాలు. ముందు బోదె కదలికది, వెనకది స్పర్శది. క్లాసులో రెండు రంగులు వేసి ఊరుకుంటాం, ఆ పాపంలో నాకూ వాటా ఉంది. గడ్డ పెరిగి పక్కకు నెట్టిన మెదడులో రంగులుండవు కదా!

అందుకని మణికట్టు దగ్గర మీడియన్ నరానికి (అరచేతిలోకి వెళ్లే నరం), బొటనవేలు అదిరేంత కరెంటు ఇస్తారు. దాదాపు 20 మిల్లీసెకండ్లలో కబురు నడిమి చాలు వెనక గోడకు చేరుతుంది. గోడలో న్యూరాన్లు నిలబడి ఉండవు, అడ్డంగా పడుకుని ఉంటాయి. కాబట్టి అక్కడ పుట్టే విద్యుత్తు పడుకోబెట్టిన టార్చి సెల్లు లాంటిది: బొడిపె ముందుకి, అడుగు వెనక్కి. మెదడు మీద ఎలక్ట్రోడ్ల పట్టీ పరిస్తే వెనక బోదె మీదున్న వాటికి మైనస్ అందుతుంది, ముందు బోదె మీదున్న వాటికి ప్లస్. నమోదైన అల ఏ రెండు ఎలక్ట్రోడ్ల మధ్య తలకిందులవుతుందో, నడిమి చాలు అక్కడ ఉన్నట్టు. సెల్లు నిలువుగా ఉండి ఉంటే ఈ తిరగబాటే ఉండదు. గడ్డ చాలును ఎటు నెట్టినా సెల్లు దాంతోపాటే జరుగుతుంది. రోగి నిద్రలో ఉన్నా పరీక్ష పనిచేస్తుంది. వెనక వైపు అల పేరు ఎన్20: ఎన్ అంటే నెగటివ్, 20 అంటే మిల్లీసెకండ్లు. చాలామంది మైనస్‌ను పైకి గీస్తారు, అది చూసి కొత్త విద్యార్థులు తికమకపడతారు.

ఆ తర్వాత సూటి పరీక్ష. 1930లలో కెనడాలోని మాంట్రియల్‌లో వైల్డర్ పెన్‌ఫీల్డ్ అనే మెదడు సర్జన్ మెలకువగా ఉన్న రోగి మెదడును కరెంటుతో తాకి, జవాబు వచ్చిన చోటల్లా అంకె వేసిన చీటీ పెట్టేవాడు. ఒకచోట బొటనవేలు జివ్వుమనేది, ఆ పక్కనే ముఖం. చేయి లేచినప్పుడు రోగులు "నేను కాదు, మీరే కదిలించారు" అనేవారట. మన ఊళ్లో అయితే పూనకం అనేవాళ్లం.

ఇప్పటికీ 5 మిల్లీమీటర్ల ఎడంలో రెండు మొనలున్న కడ్డీతో, సెకండుకు 50, 60 సార్లు కొట్టే కరెంటుతో తాకుతారు. కరెంటు కాస్త ఎక్కువైతే ఫిట్స్ మొదలవచ్చు. అందుకే ఐసులా చల్లబరిచిన సెలైన్ పక్కనే సిద్ధంగా ఉంటుంది. మెదడు మీద దాన్ని పోస్తే ఫిట్స్ ఆగుతాయి.