మూడో తీగ తెచ్చిన రొద

రాగి తీగల మీద బ్రాడ్‌బ్యాండ్ వాడే బ్రిటన్ వాసులకు చాలాకాలంగా తెలిసిన చిట్కా ఒకటుంది. గోడకున్న టెలిఫోన్ సాకెట్ విప్పి, 3వ నంబరు టెర్మినల్‌కు బిగించిన తీగను, సాధారణంగా నారింజ రంగులో ఉండేదాన్ని, ఊడదీస్తే ఇంటర్నెట్ వేగం పెరుగుతుంది. అందరికీ కాదు గానీ, గదిగదికీ ఎక్స్‌టెన్షన్లు లాగించుకున్న ఇళ్లలో తేడా బాగానే కనిపించేది.

దీనికి కారణం తెలియాలంటే తొలినాటి ఫోన్ల దగ్గరికి వెళ్లాలి. వాటికి టెలిగ్రాఫ్ పద్ధతిలో ఒకే తీగ ఉండేది, కరెంటు భూమి గుండా తిరిగి వచ్చేది. పక్కనున్న టెలిగ్రాఫ్ తీగల టకటకలు, ఆ తర్వాత ట్రాముల కరెంటు గరగరలు మాటల్లోకి చొరబడేవి. తీగలను జంటగా మెలివేసే పద్ధతికి అలెగ్జాండర్ గ్రాహం బెల్ 1881లో పేటెంటు పొందారు. బయటి రొద రెండు తీగల మీదా దాదాపు ఒకేలా పడుతుంది, అవతలి కొసన లెక్కలోకి వచ్చేది ఆ రెంటి మధ్య తేడా మాత్రమే, కనుక రొద చాలావరకు రద్దయిపోతుంది. అయితే రెండు తీగలూ అన్ని విధాలా సరిసమానంగా ఉండాలి.

సరిగ్గా వందేళ్లకు, 1981లో, బ్రిటిష్ టెలికాం (బీటీ) ప్లగ్గు, సాకెట్టు పద్ధతిని ప్రవేశపెట్టింది. ఒక ఫోన్‌లో నంబరు తిప్పుతుంటే పక్క గదిలోని ఫోన్ టింగుటింగుమనకుండా, ప్రధాన సాకెట్‌లో 1.8 మైక్రోఫారడ్ల కెపాసిటర్ (నిలకడ కరెంటును ఆపి, దిశ మారే కరెంటును వదిలే భాగం) పెట్టి, గంట కోసం మూడో తీగను విడిగా నడిపారు. ఆ తీగ కెపాసిటర్ ద్వారా జంటలో ఒకదానికే తగిలి ఉంటుంది. ఫోన్ లైన్లో మాటలు 3400 హెర్ట్జ్ దాటవు కాబట్టి అప్పట్లో దానివల్ల ఏ నష్టమూ లేదు. ఆ ఇంజనీర్లను తప్పుపట్టలేం.

2000 ప్రాంతంలో వచ్చిన ఏడీఎస్‌ఎల్, అంటే ఫోన్ తీగల మీదే నడిచే బ్రాడ్‌బ్యాండ్, మాత్రం సుమారు 11 లక్షల హెర్ట్జ్ వరకూ పాకింది. అంత పౌనఃపున్యం దగ్గర కెపాసిటర్ ఉన్నా లేనట్టే, మూడో తీగ నేరుగా అతికినట్టే. బెల్ కుదిర్చిన సమతూకం అక్కడ చెదిరింది. జోడు లేని ఆ తీగ ఏరియల్‌లా మారి మీడియం వేవ్ రేడియోనూ, ఇంట్లోని విద్యుత్ పరికరాల రొదనూ పట్టి లైన్లోకి ఎక్కించేది. రొద పెరిగిన చోట మోడెం తక్కువ బిట్లు పంపుతుంది, వేగం పడిపోతుంది.

తర్వాత బీటీ సాకెట్ ముఖపలక వెనుక అమర్చే ఐప్లేట్‌ను తెచ్చింది. అందులోని చోక్ అనే తీగచుట్ట 25 హెర్ట్జ్ గంట కరెంటును వదిలి, పై పౌనఃపున్యాలను ఆపుతుంది. తీగను ఊడదీసినా ఇప్పటి ఫోన్లు మోగుతాయి, ఎందుకంటే గంటకు కావలసిన కెపాసిటర్ వాటిలోనే ఉంటుంది. పాతకాలపు గంట ఫోన్‌ను ఎక్స్‌టెన్షన్ మీద ఉంచుకున్నవారికి మాత్రం అది మూగబోతుంది.