హామ్‌కు గులాబీ రంగు, దొగ్గలి కూరకు దాంతో చుట్టరికం

క్రిస్మస్‌కు ఇంట్లోనే హామ్ చేసుకున్న కాజీపేట పాఠకురాలు ఒకరు అడిగారు: "పంది తొడను ఉప్పునీళ్లలో వారం నానబెట్టి ఉడికించాం. రుచి బాగుంది కానీ బూడిద రంగులోకి తిరిగింది. కొన్న హామ్ గులాబీ రంగులో ఎందుకుంటుంది?"

ఆ రంగు నైట్రైట్ అనే లవణం చలవ. కండలోని మయోగ్లోబిన్ అనే ప్రోటీన్ నడుమ ఒక ఇనుము పరమాణువు ఉంటుంది. ఉత్త ఉప్పుతో ఉడికిస్తే ఆ ఇనుము ఆక్సీకరణం చెంది మాంసం బూడిదగా మారుతుంది. నైట్రైట్ ఉంటే దాంట్లోంచి పుట్టిన నైట్రిక్ ఆక్సైడ్ ఇనుమును పట్టేసుకుంటుంది, ఉడికినా వదలదు. 1901లో జె.ఎస్. హాల్డేన్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త ఈ సంగతి తేల్చాడు. అంతకుముందు వందల ఏళ్లు జనం వాడింది పెట్లుప్పు, అంటే నైట్రేట్. ఉప్పునీళ్లలోని బ్యాక్టీరియా నైట్రేట్ నుంచి ఒక్క ఆక్సిజన్‌ను ఊడబీకితే అదే నైట్రైట్!

ఇదే నైట్రేట్ మన పెరట్లో పెంటకుప్ప పక్కన మొలిచే, తోటకూర జాతికి చెందిన దొగ్గలి కూరలోనూ దండిగా ఉంటుంది. వేర్లు నేలలోంచి దాన్ని పీల్చుకుంటాయి. దాన్ని ప్రోటీన్‌గా మార్చుకోవాలంటే మొక్కకు వెలుతురు కావాలి. ముసురు పట్టిన రోజుల్లో ఆ పని మందగించి నైట్రేట్ పేరుకుంటుంది, ఆకుల్లో కన్నా కాడల్లో ఎక్కువ. కూర తిన్నాక అది రక్తంలో కలుస్తుంది, అందులో దాదాపు నాలుగో వంతు లాలాజలంలోకి తిరిగొస్తుంది. అప్పుడు నాలుక మీది బ్యాక్టీరియా కూడా ఆ ఒక్క ఆక్సిజన్‌నే ఊడబీకుతుంది! బడిలో నైట్రేట్ అంటే ఎరువులు, పటాకులు అని చెప్పి వదిలేస్తున్నాం. నోట్లో జరిగేది చెబితే ఏ పిల్లా మరిచిపోదు.

మరి హామ్, ఆకుకూర రెండూ ఒకటేనా? కాదు. మాంసంలో నైట్రైట్ ప్రోటీన్ల నుంచి వచ్చే అమీన్లనే పదార్థాలతో కలిసి, ముఖ్యంగా పెద్ద మంట మీద, క్యాన్సర్ కారకాలైన నైట్రోసమైన్లను పుట్టిస్తుంది. ఆకుకూరలోని విటమిన్ సి ఆ చర్యకు అడ్డుపడుతుంది. రాత్రిపూట ఆకుకూర తినొద్దన్న నమ్మకానికి ఇందులో ఆధారమేమీ లేదు. వండిన కూరను రాత్రంతా బయట ఉంచి పసిపిల్లలకు పెట్టడం మాత్రం నిజంగానే ప్రమాదం, దాంట్లో నైట్రైట్ పెరగొచ్చు.

హామ్‌కు రంగు రావాలంటే 6.25 శాతం సోడియం నైట్రైట్ కలిపిన క్యూరింగ్ సాల్ట్ వాడతారు. మామూలు ఉప్పనుకుని పొరబడకుండా దానికి గులాబీ రంగు వేస్తారు. దుకాణాల్లో దొరికే సైంధవ లవణం అది కాదు. క్యూరింగ్ సాల్ట్‌ను చెంచా లెక్కన వేయకండి, తూకం వేయాల్సిందే. అది లేకుండా చేసే హామ్ బూడిదగా ఉన్నా తినొచ్చు, కానీ నానే వారమంతా ఫ్రిజ్‌లోనే ఉండాలి. ప్రాణాంతక విషాన్ని పుట్టించే బొటులినం బ్యాక్టీరియాను అడ్డుకునే నైట్రైట్ అందులో ఉండదు మరి.