ఐబొమ్మ మీద జాలి ఎక్కడ పుట్టింది?

2025 నవంబర్ మధ్యలో, కొత్త తెలుగు సినిమాల దొంగ కాపీలను ఫ్రీగా చూపించే ఐబొమ్మ సైట్ నడిపిస్తున్నాడన్న ఆరోపణతో ఒక వ్యక్తిని హైదరాబాద్ సైబర్ క్రైమ్ పోలీసులు కూకట్‌పల్లిలో అరెస్టు చేశారు. ఆ వెంటనే కమిషనర్ సజ్జనార్ పక్కన చిరంజీవి, నాగార్జున, రాజమౌళి, దిల్ రాజు, సురేష్ బాబు కూర్చుని పోలీసులకు థ్యాంక్స్ చెప్పారు. పరిశ్రమ ఊపిరి పీల్చుకుంది. జనం ఫోన్లలో మాత్రం సీన్ రివర్స్. అరెస్టయిన మనిషిని కొందరు రాబిన్ హుడ్ అన్నారు. ఇంకొందరు ‘దొంగతనం తప్పే, కానీ…’ అని మొదలుపెట్టి ఆ ‘కానీ’ తర్వాత టికెట్ రేట్ల మీద పేజీలకు పేజీలు రాశారు. ఈ కథనం ఆ ‘కానీ’ గురించి.

వీడియో పార్లర్లు, సీడీలు, హాల్లో దొంగచాటుగా కెమెరా పెట్టడం, ఇవన్నీ అందరికీ తెలిసిన సంగతులే. వాటిని వదిలేసి 2013 సెప్టెంబర్ దగ్గర మొదలుపెడదాం. పవన్ కల్యాణ్ ‘అత్తారింటికి దారేది’ విడుదల కాకముందే దాదాపు సగం సినిమా బయటికొచ్చేసింది. కృష్ణా జిల్లా పెడనలో సీడీలు అమ్ముతూ దొరికారు. నిర్మాత తల పట్టుకుని, అనుకున్న తేదీ కంటే ముందే, సెప్టెంబర్ 27న థియేటర్లలో వేశారు. ఏమైంది? సగం సినిమా చేతిలో ఉన్నా జనం టికెట్ కొని చూశారు. సీడీ చూడటమే ద్రోహమన్నట్టు అభిమానులు ఊరూరా ప్రచారం చేశారు. సినిమా పెద్ద హిట్.

అంటే పన్నెండేళ్ల కిందట పైరసీ కాపీ చూడాలంటే తెలుగు ప్రేక్షకుడికి లోపల ఏదో గుచ్చుకునేది. ఇప్పుడు ఆ గుచ్చుకోవడం పోయిందా అంటే, పోలేదు. పోయుంటే ఇంత సంజాయిషీ ఎవరూ రాసుకోరు. కాకపోతే దాన్ని కప్పుకోవడానికి ఒక లెక్క దొరికింది. ఆ లెక్కను జనం చేతికి ఇచ్చింది ఓటీటీ అనీ, కరోనా అనీ పరిశ్రమ పెద్దలు చెబుతుంటారు. రెండూ కొంతవరకు నిజమే. అసలు మలుపు మాత్రం సినిమా టికెట్ల రేట్ల మీద 2022 మార్చి 7న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇచ్చిన జీవో 13.

దానికి ముందు 2021 ఏప్రిల్‌లో వచ్చిన జీవో 35 ఉంది. ‘వకీల్ సాబ్’ విడుదలకు సరిగ్గా ముందురోజు అది వచ్చింది. (పవన్ కల్యాణ్ పేరు మళ్లీ మళ్లీ వస్తోంది. ఇంకోసారి కూడా వస్తుంది.) ఆ జీవో ప్రకారం గ్రామ పంచాయతీలో ఏసీ లేని హాల్లో టికెట్లు 5, 10, 15 రూపాయలు. అయిదు రూపాయలకు హోటల్లో టీ రాదు. థియేటర్ పక్కన కిరాణా కొట్టుకు వచ్చే కలెక్షన్ కూడా థియేటర్‌కు రావడం లేదని 2021 డిసెంబర్‌లో నాని అన్నది ఈ రేట్ల గురించే. అదే నెలలో ఆంధ్రలో తనిఖీల పేరుతో థియేటర్లకు తాళాలు పడుతుంటే, తెలంగాణ ప్రభుత్వం డిసెంబర్ 21న జీవో 120 ఇచ్చి మల్టీప్లెక్స్ టికెట్‌ను 250 దాకా, రిక్లైనర్‌ను 300 దాకా పెంచుకోమంది. జీఎస్టీ అదనం. హైదరాబాద్‌లో బుకింగ్ యాప్ తెరిస్తే కనబడే 295 అనే అంకె అలా వచ్చింది: 250 మీద 18 శాతం.

జీవో 35 నాటి గొడవలో జనం సానుభూతి చాలావరకు పరిశ్రమ వైపే ఉంది. ఇది గుర్తుపెట్టుకోవాలి. అయిదు రూపాయల టికెట్ న్యాయమని గట్టిగా వాదించిన ప్రేక్షకులు తక్కువ.

2022 ఫిబ్రవరి 10న చిరంజీవి, మహేష్ బాబు, ప్రభాస్, రాజమౌళి, కొరటాల శివ తాడేపల్లి వెళ్లి ముఖ్యమంత్రి జగన్‌ను కలిశారు. నెల తిరక్కుండా జీవో 13 వచ్చింది. కనిష్ఠం 20, గరిష్ఠం 250. అక్కడితో ఆగి ఉంటే ఇవాళ రాయడానికి ఏమీ ఉండేది కాదు. అందులో ఇంకో క్లాజు పెట్టారు. హీరో, హీరోయిన్, దర్శకుడి పారితోషికాలు తీసేశాక కూడా 100 కోట్లు దాటిన సినిమా అయితే, అందులో 20 శాతం షూటింగ్ రాష్ట్రంలో జరిగి ఉంటే, మొదటి పది రోజులు రేటు పెంచుకోవచ్చు.

ఇది ఎంత పెద్ద మార్పో అప్పుడు ఎవరూ పట్టించుకోలేదు. అంతకుముందు రేటు హాలును బట్టి ఉండేది. ఏసీ ఉందా, ఊరు పెద్దదా, బాల్కనీయా నేలా, అంతే. తెర మీద ఏ సినిమా ఆడుతోందన్నది రూల్‌లో లెక్క కాదు. కోర్టుకెళ్లి ఫలానా సినిమాకు పెంపు తెచ్చుకున్న సందర్భాలు ఉన్నా, అవి మినహాయింపులు. జీవో 13తో ఖర్చెక్కువ పెట్టినవాడికి రేటెక్కువ అన్నది ప్రభుత్వ విధానమైంది. ఖర్చు లెక్కలో స్టార్ పారితోషికం కలపకూడదని రాశారు, బాగానే ఉంది. అయితే పెంచగా వచ్చిన డబ్బు ఆ పారితోషికానికి పోకూడదని ఎక్కడా రాయలేదు.

పది రోజుల గడువు ఇంకో పాఠం కూడా నేర్పింది. పదకొండో రోజు టికెట్ చవక. ఆగితే ఇంకా చవక. నెల ఆగితే ఇంట్లోనే. సినిమాను అందరికంటే ఎక్కువ ఇష్టపడి మొదటి రోజు వెళ్లేవాడి జేబు మీదే ఎక్కువ బరువు పడింది.

ఆ వేసవిలోనే ఫలితం కనబడింది. ‘ఆర్ఆర్ఆర్’కు ఆంధ్రలో పది రోజులు 75 రూపాయలు అదనం, జనం గొణుక్కుంటూనే ఎగబడ్డారు. ఏప్రిల్ 29న ‘ఆచార్య’కు కూడా పెంచారు, హాళ్లు ఖాళీ. మే నెలలో దిల్ రాజు ‘ఎఫ్3’కి పెంపు అడగడం లేదని ప్రచారంలోనే చెప్పుకోవాల్సి వచ్చింది. ఆగస్టు 1 నుంచి నిర్మాతలు షూటింగులే ఆపేశారు. ఎజెండాలో ఓటీటీ గడువు, టికెట్ రేట్లు, పారితోషికాలు అన్నీ ఉన్నాయి. పెద్ద సినిమాలు ఎనిమిది వారాల దాకా ఓటీటీకి ఇవ్వకూడదని మాట్లాడుకున్నారు. తర్వాత నాలుగు వారాలకే వచ్చేసిన సినిమాలు ఎన్నో ప్రేక్షకులకు తెలుసు. తమాషా ఏమిటంటే, జనం థియేటర్లకు రావడం మానేశారని కూర్చుని చర్చించుకుంటున్న ఆ వారంలోనే ‘బింబిసార’, ‘సీతారామం’ ఒకే రోజు విడుదలై రెండూ ఆడాయి.

అక్కడి నుంచి అంకెలు ఎక్కడా ఆగలేదు. 2024 డిసెంబర్ 4న తెలంగాణలో ‘పుష్ప 2’ ప్రీమియర్‌కు ఉన్న రేటు మీద 800 అదనం. ఆ రాత్రే సంధ్య థియేటర్ దగ్గర తొక్కిసలాటలో ఒక మహిళ చనిపోయింది. ఇక బెనిఫిట్ షోలు, పెంపులు ఉండవని ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి అసెంబ్లీలో ప్రకటించారు. నెల కాకుండానే ‘గేమ్ ఛేంజర్’కు పెంపు ఇచ్చి, హైకోర్టులో వ్యవహారం వేడెక్కాక వెనక్కి తీసుకున్నారు. 2025 సెప్టెంబర్‌లో ‘ఓజీ’ ప్రీమియర్ టికెట్ ఆంధ్రలో 1000, తెలంగాణలో 800. ఆంధ్రలో ఆ అనుమతి ఇచ్చిన ప్రభుత్వంలో ఆ సినిమా హీరోయే ఉపముఖ్యమంత్రి. నలుగురున్న ఇల్లు ఆ షోకు వెళ్తే టికెట్లకే నాలుగు వేలు. పాప్‌కార్న్, పార్కింగ్ కలపలేదు.

ఐబొమ్మ ఈ కోపాన్నే వాడుకుంది. హీరోల పారితోషికం, విదేశీ షూటింగుల ఖర్చు చివరికి మధ్యతరగతి నెత్తిన పడుతోందని ఆ సైట్ పెట్టిన నోటీసు ఊరంతా తిరిగింది. మాట నిజమే అయినా, చెప్పినవాడు దానధర్మాలు చేయడం లేదు. సైట్ నిండా బెట్టింగ్ యాప్‌ల ప్రకటనలు. 50 లక్షల మంది యూజర్ల డేటా చేతిలో ఉందని పోలీసులు చెప్పారు. ఫ్రీగా ఏదీ రాదని రాజమౌళి అన్నది అందుకే. ఆ డబ్బులో ఒక్క రూపాయి కూడా సినిమా తీసినవాళ్లకు పోదన్న పరిశ్రమ వాదనకు జవాబు లేదు.

మరి టికెట్ కొంటే పోతుందా? 295లో 45 జీఎస్టీ. మిగిలిన 250లో మల్టీప్లెక్స్ వాటా ముందు తెగుతుంది, తర్వాత డిస్ట్రిబ్యూటర్, ఆ తర్వాత నిర్మాత, నిర్మాత వెనక ఫైనాన్షియర్ వడ్డీ. యాప్ తీసుకునే కన్వీనియన్స్ ఫీజు వేరే. ఊళ్లలోని సింగిల్ స్క్రీన్‌ది ఇంకో బాధ. ‘మాకు అద్దె వద్దు, కలెక్షన్లో పర్సంటేజీ ఇవ్వండి’ అని 2025 మేలో ఎగ్జిబిటర్లు (థియేటర్లు నడిపేవాళ్లు) థియేటర్లు మూసేస్తామనే దాకా వెళ్లారు. ఆగస్టులో లైట్‌మెన్, మేకప్, కాస్ట్యూమ్, జూనియర్ ఆర్టిస్టులతో కూడిన ఫెడరేషన్ 30 శాతం వేతనం పెంచమని షూటింగులు ఆపింది. రెండు వారాలకు పైగా సమ్మె చేస్తే మూడేళ్లలో కలిపి 22.5 శాతానికి నిర్మాతలు ఒప్పుకున్నారు. మొదటి పది రోజుల టికెట్ మీద 75 అడగడానికి ఒక జీవో చాలింది. రోజుకూలీ పెంచడానికి లేబర్ కమిషనర్ కూర్చోవాల్సి వచ్చింది.

‘మీరు టికెట్ కొంటేనే 24 క్రాఫ్ట్స్ కార్మికుల ఇళ్లలో పొయ్యి వెలుగుతుంది’ అన్న మాటను ప్రేక్షకుడు ఇప్పుడు అనుమానంగా వింటున్నాడంటే కారణం ఇదే. దానికి కాస్తయినా జవాబు పరిశ్రమ నుంచి కాదు, ప్రభుత్వం నుంచి వచ్చింది. అక్టోబర్ 28న యూసుఫ్‌గూడలో సినీ కార్మికుల సభలో రేవంత్ రెడ్డి ఒక షరతు పెట్టారు. ఇక మీద రేట్లు పెంచుకోవాలంటే, పెంపు మీద వచ్చే ఆదాయంలో 20 శాతం కార్మికుల సంక్షేమానికి ఇవ్వాలి. ఆ లెక్కన కార్మికుడి వాటా పెంచిన రోజుల టికెట్ మీదే. రేటు తగ్గేదాకా ఆగి, మామూలు ధరకు నిజాయితీగా టికెట్ కొన్నవాడి డబ్బులోంచి ఆ నిధికి రావాల్సింది ఏమీ లేదు.