బ్రష్‌లెస్ మోటారుకు వేగం చెప్పడం ఎలా?

పిల్లలూ,

డ్రోన్‌లో ఉండే చిన్న బ్రష్‌లెస్ మోటారును ఆర్డుయినోతో, అంటే మనం ప్రోగ్రాం రాసి నడిపే చిన్న బోర్డుతో, తిప్పాలని మీలో చాలామందికి ఉంటుంది. తీరా మోటారు చేతికొచ్చాక చూస్తే దానికి మూడు తీగలుంటాయి. ఏది ప్లస్సు, ఏది మైనస్సు? ఆ మూడింటిలో ప్లస్సూ లేదు, మైనస్సూ లేదు. అది ఎందుకో తెలిస్తే మిగతాదంతా తేలిగ్గా అర్థమవుతుంది.

మామూలు బొమ్మకారు మోటారులో తీగచుట్టలు తిరుగుతాయి. బ్రష్‌లు ఆ చుట్టలతోపాటు తిరిగే రాగి పలకలను రాసుకుంటూ కరెంటు దిశను ఎప్పటికప్పుడు మారుస్తుంటాయి. బ్రష్‌లెస్ మోటారులో తిరిగేవి అయస్కాంతాలు, చుట్టలు కదలవు. అందుకని ఏ చుట్టకు ఏ క్షణంలో కరెంటు ఇవ్వాలో బయట నుంచి ఒకరు చూసుకోవాలి. ఉయ్యాల ఊపేటప్పుడు ఎంత గట్టిగా తోశామన్నది ఒక్కటే కాదు, ఎప్పుడు తోశామన్నది కూడా ముఖ్యం కదా, ఇదీ అంతే.

ఆ పని చేసేది ఈఎస్‌సీ (ఎలక్ట్రానిక్ స్పీడ్ కంట్రోలర్) అనే చిన్న బోర్డు. దానిలో ఆరు మాస్‌ఫెట్ స్విచ్‌లు (కరెంటును చాలా వేగంగా వేసి ఆపే ఎలక్ట్రానిక్ స్విచ్‌లు) ఉంటాయి, కొన్నిటిలో ఇంకా ఎక్కువే. సాధారణంగా ఒక్కో క్షణంలో రెండు తీగల్లోనే కరెంటు పారుతుంది, మూడోది ఖాళీగా ఉంటుంది. అయస్కాంతాలు తిరుగుతున్నాయి కాబట్టి ఆ ఖాళీ తీగలో దానంతట అదే కొద్దిగా వోల్టేజీ పుడుతుంది. దాన్ని చూసే రోటారు, అంటే తిరిగే భాగం, ఎక్కడుందో ఈఎస్‌సీ కనిపెడుతుంది. వేరే సెన్సర్ ఏదీ అక్కర్లేదు, మోటారే తన స్థానం చెబుతోందన్నమాట. నాకు ఈ మొత్తంలో అన్నిటికన్నా ఇష్టమైన సంగతి ఇదే. మోటారు ఆగి ఉన్నప్పుడు ఆ వోల్టేజీ ఉండదు, కాబట్టి మొదట కాసేపు ఈఎస్‌సీ గుడ్డిగానే తిప్పాలి. స్టార్టయ్యేటప్పుడు మోటారు ఒక్కోసారి గిజగిజలాడేది అందుకే.

ఒక లెక్క చూడండి. 14 అయస్కాంతాలున్న మోటారు ఒక్క చుట్టు తిరగడానికి స్విచ్‌లు 42 సార్లు మారాలి. నిమిషానికి 6000 చుట్లంటే సెకనుకు 100 చుట్లు, అంటే సెకనుకు 4200 మార్పులు. ఇంత పనిని ఈఎస్‌సీకి వదిలేసి, ఆర్డుయినోతో ఎంత వేగం కావాలో మాత్రం చెప్పించడమే తెలివైన పద్ధతి.

చెప్పే తీరు కూడా సులువే. సెకనుకు 50 సార్లు ఒక పల్స్, అంటే కాసేపు వచ్చి ఆగే చిన్న వోల్టేజీ, పంపాలి. పల్స్ 1000 మైక్రోసెకన్లు ఉంటే ఆగమని, 2000 ఉంటే పూర్తి వేగమని అర్థం. ఆర్డుయినో ప్రోగ్రాంలో వాడే సర్వో లైబ్రరీలోని రైట్‌మైక్రోసెకండ్స్ (writeMicroseconds) అనే ఆదేశం ఈ పని చేస్తుంది. అందులోనే ఉన్న రైట్ (write) అనే ఆదేశం జోలికి మాత్రం వెళ్లకండి. మామూలు సెట్టింగ్‌లో రైట్‌కు సున్నా ఇస్తే 544 మైక్రోసెకన్ల పల్స్ వెళ్తుంది, అది చాలా ఈఎస్‌సీలకు అర్థం కాదు. పైగా అటాచ్ (attach) ఆదేశంతో పిన్‌ను లైబ్రరీకి అప్పగించగానే ఏమీ చెప్పకపోతే లైబ్రరీ 1500 పంపుతుంది. అంటే సగం వేగం! అందుకే అటాచ్ వెంటనే 1000 పంపి కొన్ని సెకన్లు ఆగండి. పవర్ ఇచ్చినప్పుడు తక్కువ పల్స్ కనబడితేనే ఈఎస్‌సీ బీప్ కొట్టి సిద్ధమవుతుంది.

ఈఎస్‌సీ గ్రౌండునూ ఆర్డుయినో గ్రౌండునూ తప్పకుండా కలపండి. చాలా ఈఎస్‌సీల నుంచి ఆర్డుయినో వైపు వచ్చే సన్నని ఎర్ర తీగలో 5 వోల్టులు ఉంటాయి. ఆర్డుయినోకు యూఎస్‌బీ నుంచి కరెంటు వస్తుంటే ఆ ఎర్ర తీగను తగిలించకండి. ఇక ప్రొపెల్లర్ విషయం. బల్ల మీద ప్రయోగం చేస్తున్నంతసేపూ అది మోటారుకు ఉండనే కూడదు. ఈ ఒక్క విషయంలో నేను రాజీపడను, వేళ్లు తెగుతాయి. మోటారును కూడా గట్టిగా బిగించాకే బ్యాటరీ తగిలించండి. వెనక్కి తిరుగుతోందా? మూడు తీగల్లో ఏ రెండింటినైనా అటూఇటూ మార్చండి, సరిపోతుంది.

ఇప్పుడు అసలు చిక్కు. 1500 పంపితే సగం వేగం అన్నాను కానీ, నిజానికి అది సగం వోల్టేజీ అడిగినట్టు. మోటారు మీద 1000 కేవీ అని ఉంటే (ఇది కిలోవోల్టు కాదు), బరువేమీ లేనప్పుడు ఒక్కో వోల్టుకు నిమిషానికి దాదాపు 1000 చుట్లు అని అర్థం. బ్యాటరీ తగ్గితే చుట్లు తగ్గుతాయి, బరువు పడితే ఇంకా తగ్గుతాయి. ఆర్డుయినో మాత్రం అదే 1500 పంపుతూ ఉంటుంది, పాపం దానికి ఏమీ తెలియదు.

వేగం నిలబడాలంటే కొలవాలి. మోటారు గిన్నె (బయట తిరిగే డబ్బాలాంటి భాగం) మీద నల్ల టేపు చుట్టి, ఒకచోట తెల్ల గీత పెట్టండి. ఎదురుగా ఇన్‌ఫ్రారెడ్ సెన్సర్ ఉంచి, గీత ఎదురైన ప్రతిసారీ ఇంటరప్ట్‌తో (చేస్తున్న పని ఆపి వెంటనే స్పందించేలా ఆర్డుయినోకు అందే సంకేతంతో) లెక్కపెట్టండి. కావాల్సిన చుట్ల కన్నా తక్కువుంటే పల్స్‌ను రెండు మూడు మైక్రోసెకన్లు పెంచండి, ఎక్కువుంటే తగ్గించండి. సెకనుకు పది సార్లు ఇలా సరిచేస్తే చాలు. తొందరపడి ఒక్కసారే ఎక్కువ మార్చితే వేగం పైకీ కిందికీ ఊగుతుంది. అలా ఊగితే మార్పును సగానికి తగ్గించి మళ్లీ చూడండి.

ప్రేమతో,
మీ తాతయ్య