రన్‌వేకు ముందే గీయవలసిన శబ్ద పటం

నెల్లూరు జిల్లా దగదర్తి వద్ద విమానాశ్రయం నిర్మించాలన్న ప్రతిపాదన ఏళ్ల తరబడి నలుగుతోంది. నెల్లూరుకూ కావలికీ మధ్య జాతీయ రహదారి వెంట ప్లాట్లు అమ్మేవారు అంకణం ధర కంటే ముందు విమానాశ్రయం ఎంత దగ్గరో చెబుతారు. ఆ దగ్గరితనంతో పాటు వచ్చే రొద అన్ని దిక్కులా ఒకేలా ఉండదన్న సంగతి మాత్రం కొనేవారి దాకా రాదు.

విమాన శబ్దం రన్‌వే చుట్టూ గుండ్రంగా పరుచుకోదు. మామూలుగా 3 డిగ్రీల వాలులో దిగే విమానం రన్‌వే కొసకు 6 కిలోమీటర్ల దూరంలో ఉన్నప్పుడు నేల నుంచి సుమారు 300 మీటర్ల ఎత్తులోనే ఉంటుంది. కాబట్టి రన్‌వేకు సూటిగా, అంత దూరంలో ఉన్న ఊరికి వినిపించే మోత, పక్కన 2 కిలోమీటర్లలో ఉన్న ఊరికి వినిపించకపోవచ్చు.

ఇంజన్లు మునుపటంత మోత చేయడం లేదన్నది నిజమే. ఇంజన్ వెనుక నుంచి దూసుకొచ్చే వాయుధార (జెట్) పుట్టించే శబ్దశక్తి ఆ ధార వేగపు ఎనిమిదో ఘాతాన్ని అనుసరిస్తుందని బ్రిటిష్ గణిత శాస్త్రవేత్త జేమ్స్ లైట్‌హిల్ 1952లో చూపాడు. అంటే వేగం సగమైతే శబ్దశక్తి 256వ వంతుకు పడిపోతుంది. పెద్ద ఫ్యాన్‌తో ఎక్కువ గాలిని నిదానంగా నెట్టే నేటి ఇంజన్ల రహస్యం ఇదే. అయితే దిగే సమయంలో చక్రాలు, రెక్కల ఫ్లాపులు గాలిని చీల్చే శబ్దం కూడా గణనీయంగా ఉంటుంది గనుక, ఇంజన్ నెమ్మదించినంత మాత్రాన ఊరు నిశ్శబ్దం కాదు.

అందుకే అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ 2001లో ఆమోదించిన విధానం విమానాల తయారీ, భూవినియోగ ప్రణాళిక, నడిపే పద్ధతులు, రాకపోకలపై ఆంక్షలు అనే నాలుగింటినీ కలిపి చూడమంటుంది. మన దేశంలో నివాస ప్రాంతాలకు రాత్రి పరిమితి 45 డెసిబెల్స్. విమానాశ్రయ శబ్ద మండలాలకు 2018లో వేరే పరిమితులు ప్రకటించారు: ఏడాదికి 50,000కు మించి రాకపోకలుండే చోట పగలు 70, రాత్రి 65, మిగిలినవాటికి 65, 60. ప్రతిపాదిత విమానాశ్రయాలను ఈ లెక్కలోంచి మినహాయించారు. 45కూ 60కీ తేడా చూడటానికి చిన్నదే గాని, శబ్దశక్తిలో అది 30 రెట్లకు పైమాటే. పరిమితిని పెంచడం శబ్దాన్ని తగ్గించడం కాదని వేరే చెప్పనక్కరలేదు.

కొన్ని దేశాల్లో రన్‌వే దారిలోని ఇళ్లకు రెండు పొరల అద్దాల కిటికీలు బిగించుకోవడానికి డబ్బిస్తారు. కిటికీలు మూసి ఉంచితేనే అవి పనిచేస్తాయి. మే నెలలో నెల్లూరు జిల్లాలో మిద్దె మీద పడుకునే కుటుంబానికి వాటితో ఒరిగేదేమీ లేదు. ఇక్కడ అక్కరకొచ్చేది భూవినియోగమే. రన్‌వే దిశ ఖరారు కాగానే ఎక్కడ ఎంత మోత ఉంటుందో చూపే శబ్ద పటాన్ని సర్వే నంబర్లతో సహా ప్రకటించి, మోత ఎక్కువగా ఉండే పరిధిలో బడులకు, ఆసుపత్రులకు, ఇళ్ల లేఅవుట్లకు అనుమతి ఆపాలి. గోదాములకు, వరి పొలాలకు ఇబ్బంది లేదు. పక్షులను రప్పించే చెరువుల సంగతి విమాన భద్రత కోసం విడిగా చూసుకోవాలి. ఇప్పటికే అమ్ముడైన ప్లాట్లకు పరిహారమో, బదులు స్థలమో తేల్చడం కష్టమే, కానీ అక్కడ ఇళ్లు లేచాక ఆ కష్టం ఎన్నో రెట్లవుతుంది.